బొప్పక్క మాసికలు

బొప్పక్కకి ఆ పేరు తల్లిదండ్రులు పెట్టింది కాదు, పనిలో చేరిన మొదటి వారంలోనే అంటుకుంది. గోల్ఫ్ మైదానంలో జెండా పాతి ఉండే నున్నటి పచ్చికని గ్రీన్ అంటారు. బంతి పడే గుంట ఆ గ్రీన్ మీద రోజూ ఒకేచోట ఉండదు. ఉంటే జనం తొక్కిడికి చుట్టూ గడ్డి చస్తుంది. అందుకని తెల్లారగానే ఒక గుండ్రటి కత్తితో కొత్తచోట గుంట కోస్తారు. ఆ కోతలో ఊడివచ్చిన మట్టిముద్దని గడ్డితో సహా పట్టుకెళ్లి నిన్నటి గుంటలో దించి పూడుస్తారు. పూడ్చింది చుట్టూ ఉన్న నేలతో సమానంగా కుదరాలి. కాస్త పల్లమైతే బంతి తడబడుతుంది. కాస్త ఎత్తయితే వెనకాలే వచ్చే కోత మిషన్ దాని నెత్తి గొరిగేస్తుంది. కొత్తలో ఆమె పూడ్చినవన్నీ ఎత్తే. ఆ వారం మైదానం నిండా గుండు కొట్టిన బొప్పులే. అప్పటి మేస్త్రి నడుం మీద చేతులు పెట్టుకుని, "మైదానానికి ఎవరో వరసగా మొట్టికాయలు వేసినట్టుంది కదమ్మా," అన్నాడు. సాయంత్రానికి ఆమె అందరికీ బొప్పక్క అయిపోయింది.

ఇంకొకరైతే సిగ్గుపడి మానేసేవారు. బొప్పక్క మర్నాడు అందరికన్నా ముందొచ్చి, "పేరు పెట్టాక పంపించేస్తే ఏం బాగుంటుంది, పని చెప్పండి," అంది. మేస్త్రి చెప్పాడు. ఎవరూ ముట్టుకోవడానికి ఇష్టపడని ఆరో గ్రీన్ ఆమెకి అంటగట్టాడు.

ఆరో గ్రీన్ ఆ మైదానానికి సవతి బిడ్డ. పల్లంలో ఉంది. ఒక పక్క చెరువు, ఇంకో పక్క వరసగా చెట్లు. పొద్దుటెండ తగలదు, పడ్డ నీరు పోదు. గడ్డి తక్కువ, నాచు ఎక్కువ. బొప్పక్క పోట్లాడి చెట్ల కింది కొమ్మలు కొట్టించింది. పళ్ల పారతో అడుగడుగునా పొడిచి, ఆ పోట్లలోకి ఇసుకని చీపురుతో ఊడ్చి నింపింది. ఆ ఏడాది చేసింది, మరుసటేడాది చేసింది, నడుం నొప్పి మొదలయ్యాక కూడా చేసింది. చివరికి నాచే విసిగిపోయి వెళ్లిపోయింది. దాని బదులు వచ్చిన గడ్డి మిగతా పదిహేడు గ్రీన్ల కన్నా ముదురు రంగులో వచ్చింది. నీడ వల్ల అని కొందరన్నారు, చెరువు నీటి వల్ల అని కొందరన్నారు. ఆమె భయానికి అన్నాడు ఆమె మొగుడు.

ఆయన దర్జీ. ఇంటి ముందుగదిలో కిటికీ పక్కన మిషన్, గోడకి దారపు కండెల మేకులు, ఇస్త్రీ బల్ల కింద పిల్లి. జనం రెడీమేడ్ కొట్లకి మరిగాక ఆయన దగ్గరికి చిరుగులూ ఊడిన జిప్పులూ తప్ప ఏమీ రావడం లేదు. "మంచి రోజులు కొట్టువాడివి, చిరిగిన రోజులు నావి," అనేవాడు. దానికి బాధపడేవాడు కూడా కాదు. మాసిక వేయడంలో ఆయనకి ఉన్న పట్టు కొత్త చొక్కా కుట్టడంలో ఎప్పుడూ లేదని ఆయనే ఒప్పుకునేవాడు.

ఆయన తమ్ముడు, అంటే బొప్పక్క మరిది, ఇప్పుడు మైదానానికి మేస్త్రి. అతన్ని పనిలో పెట్టించింది ఆమె. గుంట కోయడం, ఇసుక చల్లడం, మిషన్ నడపడం, మిషన్ బాగోగులు చూడడం, అన్నీ నేర్పింది ఆమె. ఆమెకి రానిది ఒకటి అతనికి వచ్చు. ఎవరేం చెప్పినా తల ఊపడం. తల ఊపడం వచ్చినవాడికి మేస్త్రి పదవి వచ్చింది. బొప్పక్క కుళ్లుకోలేదంటే అబద్ధం. నాలుగు రోజులు కుళ్లుకుంది, తర్వాత పని తగిలి మర్చిపోయింది.

మైదానంలో పని ఎప్పుడూ ఒకలా ఉండదు. చలి తగ్గుతుండగా మిషన్ పెట్టి గ్రీన్లన్నిటికీ చిల్లులు పొడుస్తారు. నేల ఊపిరి పీల్చుకోవడానికి. అప్పుడు ఆడేవాళ్లంతా మొహాలు మాడ్చుకుంటారు. చిల్లుల్లో ఇసుక నింపుతారు, గడ్డి కమ్ముకుంటుంది. ఎండలు ముదిరాక ఆట పలచబడుతుంది, నీళ్లు పట్టడమే పనవుతుంది. మొదటి చినుకులు పడి నేల చల్లబడితే కొత్త విత్తనం, కొత్త ఎరువు, ఆపైన క్లబ్బు ప్రెసిడెంట్ గారి పేరున పోటీ. ఆ పోటీతో సీజన్ మొదలైనట్టు. ఏడాది చాకిరీ అంతా ఆ ఒక్క ఆదివారం కోసమే అన్నట్టు ఉంటుంది వ్యవహారం.

ఆ ఏడు ఎండలు ముదురుతున్నప్పుడే క్లబ్బు కమిటీ కూర్చుని తీర్మానం చేసింది. కార్లు పెట్టుకోవడానికి చోటు చాలడం లేదు. ఆరో గ్రీన్ క్లబ్బు గేటుకి దగ్గర. దాన్ని చదును చేసి కంకర పరిచేస్తే సరి. చెరువు అవతల కొత్త ఆరోది కడతారు, ఈలోగా పదిహేడుతో సర్దుకుంటారు. వానలు రాగానే బుల్డోజరు వస్తుంది. ఎలాగూ పోయేదానికి ఎండాకాలమంతా నీళ్లెందుకు, కోతెందుకు, మనుషులెందుకు. ఈ రోజునుంచే వదిలెయ్యండి.

ఇందులో తప్పేముంది అని అడిగితే ఎవరికీ తప్పు కనబడదు. లెక్క సరిగ్గానే ఉంది. బొప్పక్కకి మాత్రం ఒళ్లు మండింది.

ఆ కబురు చెప్పే వంతు మరిదికే వచ్చింది. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. షెడ్డులో ఆమె కోత మిషన్ కత్తులకి సాన పెడుతుంటే వచ్చి, పక్కనున్న డబ్బా మీద కూర్చున్నాడు.

"వదినా, ఆరోదానికి ఇంక నీళ్లు వద్దన్నారు."

"ఎవరు?"

"పైవాళ్లు."

"పైవాళ్లంటే వాన దేవుడా, సెక్రటరీ గారా?"

"నవ్వులాట కాదు. ఎలాగూ తీసేసేదే కదా. నువ్వు రేపటినుంచి ఇసుక గుంటలు దువ్వే పని చూసుకో. నీడగా ఉంటుంది."

"ఇసుక గుంటల్లో నీడెక్కడిదిరా? నేర్పినదాన్ని నాకే పాఠం చెబుతున్నావా?" అని ఆమె సానరాయి కింద పెట్టింది. "వాళ్లు తీసేసేది వానల్లో. ఇది ఇంకా ఎండాకాలం. బతికున్నదాన్ని దాహంతో చంపమని నా చేతికి చెప్పకు. నా చేతికి ఆ పని రాదు."

"అందరూ ఒప్పుకున్నారు వదినా."

"గడ్డి ఒప్పుకుందా?"

అతను తల ఊపలేక, ఊపకుండా ఉండలేక లేచి వెళ్లిపోయాడు.

మర్నాడు బొప్పక్క పైపు పట్టుకుని ఆరో గ్రీన్ మీద నిలబడింది. దొంగచాటుగా కాదు, అందరూ పనికి వచ్చే వేళకి, దారిలో కనబడేలా. ఆ మర్నాడు కొళాయి తిప్పితే నీళ్లు రాలేదు. మరిది ఆ వైపు వాల్వు కట్టేసి తాళం చెవి జేబులో వేసుకున్నాడు. బొప్పక్క రెండు నీళ్ల డబ్బాలు తెచ్చుకుని చెరువులో ముంచి మోసింది. బంతికి అడ్డంగా తవ్వి ఉంచే ఇసుక గుంటల్ని పళ్ల కర్రతో గీసి దువ్వే పని ఒక్క గీత కూడా తక్కువ కాకుండా చేసేది. టీకి వదిలినప్పుడూ పని దిగాకా మాత్రం డబ్బాలు పట్టుకునేది. పనివాళ్లు కూర్చుని టీ తాగుతూ ఆమె అటూ ఇటూ నడవడం చూసేవాళ్లు. "బొప్పక్కా, చెరువే ఎండిపోతుందేమో," అని ఒకడు వేళాకోళం చేస్తే, "ఎండితే నిన్ను పిండుతాను, నీలో సరిపడా నీళ్లున్నాయి," అంది. అక్కణ్నుంచి వేళాకోళాలు తగ్గాయి. ఒకరిద్దరు తాగి మిగిలిన మంచినీళ్లు తెచ్చి గ్రీన్ మీద పోసి, ఏమీ ఎరగనట్టు వెళ్లిపోయేవారు.

ఇంట్లో దర్జీ ఆమె భుజాలకి వేడినీళ్ల కాపడం పెడుతూ, "ఇదిగో, ఇంతకీ నీకేం కావాలి?" అని అడిగాడు.

"బుల్డోజరు వచ్చేనాటికి అది పచ్చగా ఉండాలండీ. ఎండిపోయినదాన్ని తోసేసి, ఎలాగూ పోయిందే కదా అనుకోకూడదు వాళ్లు. పచ్చటిదాని మీదికి నడిపించి, చూడమనండి."

అదీ ఆమె పంతం. అంతకన్నా ఏమీ లేదు. దాన్ని కాపాడగలనని ఆమె ఎప్పుడూ అనుకోలేదు.

సంగతి క్లబ్బు సెక్రటరీ గారి దాకా వెళ్లింది. ఆయన చెడ్డవాడు కాదు. తెల్ల టోపీ, శుభ్రమైన బూట్లు, ఎవరితోనైనా నెమ్మదిగా మాట్లాడే మనిషి. ఒక సాయంత్రం ఆరో గ్రీన్ దగ్గరికి తనే నడిచి వచ్చాడు. పచ్చిక అంచు దగ్గర ఆగిపోయాడు, బూట్లు తడుస్తాయని.

"చూడమ్మా, నీ కష్టం నాకు తెలుసు. కానీ ఇది చచ్చేదే కదా?"

"చచ్చేదాకా బతికే ఉంటుంది కదా సార్."

"నీళ్లకి కరువుగా ఉంది."

"పంపు నీళ్లు ముట్టుకోవడం లేదు సార్. డబ్బాతో మోసుకుంటున్నాను. నా టీ టైములో."

ఆయన టోపీ సర్దుకున్నాడు. "ఈ ఆరోదాని కోసం క్లబ్బులో ఎవరూ బెంగపెట్టుకోలేదు. నువ్వెందుకు పెట్టుకుంటావు?"

"ఎవరూ పెట్టుకోలేదు కాబట్టే సార్."

ఆయన తిరిగి వెళ్లి మేస్త్రిని పిలిచి, ఆమెని కోత మిషన్ల దగ్గరికి రానివ్వొద్దని, తాళాలు తీసేసుకోమని చెప్పాడు. అది పుండు మీద కారం. పచ్చిక కోత మిషన్ ఎక్కి కూర్చుని నడపడం ఆ మైదానంలో ఆమె పనే. ఆ సీటు ఆమె ఒంటి తీరుకి అరిగి ఉంది.

మర్నాడు పొద్దున్న మరిది షెడ్డు తలుపు దగ్గరే అడ్డంగా నిలబడి చెయ్యి చాపాడు. ఆమె తాళం చెవి అతని అరచేతిలో పెట్టి, పనివాళ్లంతా వినేలా, "తీసుకోండి మేస్త్రి గారూ," అంది. అతనికి మొహం ఎర్రబడింది. చిన్నప్పుడు అతని చొక్కా గుండీలు పెట్టిన మనిషి నోటినుంచి ఆ "గారు" అతను ఎప్పుడూ వినలేదు. ఆమె షెడ్డు మూలకి వెళ్లి, ఎవరూ వాడని తుప్పు పట్టిన తోపుడు మిషన్ బయటికి లాగింది. చేతులతో తోస్తూ కోసే పాతకాలపుది.

"అది కూడా ముట్టుకోవద్దన్నారు," అన్నాడు మరిది.

"ఇది మిషన్ కాదు, పాత సామాను. పారెయ్యమని నువ్వే ఆమధ్య చెప్పావు. పారెయ్యడానికి తీసుకెళ్తున్నాను, దారిలో ఆరోది తగులుతుంది."

పనివాళ్లు నవ్వారు. మరిదికి తల కొట్టేసినట్టయింది. విసురుగా పెద్ద మిషన్ ఎక్కి బయలుదేరాడు.

ఆ విసురులోనే పప్పులో కాలేశాడు. మిషన్ పొట్టలో నూనె పైపులుంటాయి. ఏదైనా చిట్లితే వేడి నూనె చుక్కచుక్కగా కారుతుంది. అందుకని సాయంత్రం మిషన్ ఆపాక కింద పాత పేపరు పరుస్తారు. పొద్దున పేపరు లాగి చూస్తారు. మరక ఉంటే మిషన్ కదలదు. ఆ షెడ్డులో పళ్లు తోముకోవడం మర్చిపోయినవాళ్లున్నారు గాని పేపరు చూడడం మర్చిపోయినవాడు లేడు. ఆ రోజు మరిది చూడలేదు. రాత్రి పట్టిన నీటికి తడిసిన గడ్డి మీద నూనె కూడా నీటిబొట్లలాగే మెరిసింది. ఆ రోజు వంతు, ఒకటో గ్రీన్ నుంచి తొమ్మిదో దాకా హాయిగా కోసుకుంటూ పోయాడు. ఆరోది మాత్రం వదిలేశాడు, అది ఇప్పుడు లెక్కలో లేదు కదా.

నూనె పడ్డ గడ్డి వెంటనే చావదు. రెండు మూడు రోజులు ఏమీ కానట్టే ఉంటుంది. తర్వాత ఎవరో గోళ్లతో రక్కినట్టు ఎనిమిది గ్రీన్ల మీద గోధుమరంగు చారలు తేలాయి. మరిది ఒక్కో గ్రీన్ దగ్గరా మోకాళ్ల మీద కూర్చుని, చారలు వేలితో తడిమి లేచాడు. షెడ్డుకి వెళ్లి, ఆ పొద్దున లాగి చూడని పేపరు తీసి చూశాడు. మరక అరచేయంత ఉంది.

చచ్చిన చోట గడ్డి తనంతట తాను కమ్ముకోవడానికి ప్రెసిడెంట్ గారి పోటీ దాకా వ్యవధి లేదు. చచ్చినదాన్ని కోసి తీసి, బతికున్న పచ్చికని మట్టితో సహా తెచ్చి అతకాలి. ఇలాంటి అవసరానికే ఒకప్పుడు షెడ్డు వెనక చిన్న పచ్చిక మడి పెంచేవాళ్లు. కమిటీ దాన్ని తీయించి అక్కడ కుర్చీలు పేర్పించింది. బయట కొందామంటే అంత పొట్టిగా, అంత నున్నగా కోతకి అలవాటుపడ్డ గడ్డి ఎవరూ అమ్మరు. ఆ ఎండలో అలాంటి పచ్చిక ఒకేఒక్క చోట ఉంది. సెక్రటరీ గారు మరిదిని పిలిచి, పోటీ నాటికి చారలు కనబడితే వేరే పని వెతుక్కోమని, ఎప్పటిలాగే నెమ్మదిగా చెప్పాడు.

ఆ సాయంత్రం మరిది అన్నగారి ఇంటి గుమ్మంలో నిలబడ్డాడు. లోపలికి రమ్మంటే రాలేదు.

"వదినా, పేపరు చూడలేదు," అన్నాడు చివరికి.

"తెలుసు. చారలు చూసినప్పుడే తెలిసింది."

"ఆరోదానిలోంచి కొంచెం..."

బొప్పక్క లేచి నిలబడింది. "నీళ్లు కట్టేసింది ఎవరు? తాళం చెవి జేబులో వేసుకుంది ఎవరు? నేను చెరువునుంచి మోసి మోసి ఒంటి నొప్పులతో బతికించుకుంటే, ఇప్పుడు దాని తోలు ఒలిచి నీ చారల మీద కప్పమంటావా? ఒక్క ముక్క ఇవ్వను. ఆ బుల్డోజరు వచ్చి దాని మీద ఎక్కేదాకా అది అక్కడే ఉంటుంది, పచ్చగా."

"నా ఉద్యోగం పోతుంది వదినా."

"పోనీ. నా మిషన్ సీటు మాత్రం నాకు మిగిలిందా?"

అతను గుమ్మంలో అలాగే ఉండిపోయాడు. బొప్పక్క వంటగదిలోకి పోయి గిన్నెలు చప్పుడు చేస్తూ కడిగింది. కోపం నిజమే, కానీ ఆ చప్పుడులో సగం జాలి. ఆ జాలి మీద ఆమెకి ఇంకా కోపం వచ్చింది.

దర్జీ మిషన్ ఆపి, చేతిలో ఉన్న పాంటు పట్టుకుని వంటగది తలుపు దగ్గరికి వచ్చాడు. మోకాలి దగ్గర చిరిగిన పాంటు.

"ఇదిగో, ఇటు చూడు. దీనికి మాసిక ఎక్కణ్నుంచి తెస్తాననుకున్నావు? కొత్త గుడ్డ వేస్తే మొదటి ఉతుక్కే ముడుచుకుని, ఉన్నది కూడా చింపుతుంది. వాడి వాడి మెత్తబడ్డ గుడ్డే వెయ్యాలి. అందుకే చిరిగి పనికిరాదన్న బట్టలు నేను పారెయ్యను."

"మీ తమ్ముడి తరఫున వకాల్తా పట్టారా?"

"వాడి సంగతి వదిలెయ్. వాడు వెధవ. నీ సంగతి అడుగుతున్నాను. బుల్డోజరు వచ్చిన రోజున వాళ్లు చూడాలన్నావు. వాళ్లు చూడరే. ఆరోజు ఎవరూ రారు. డ్రైవరొక్కడు వస్తాడు, చెవుల్లో దూది పెట్టుకుని పని చేసుకుపోతాడు. నువ్వొక్కదానివే చూస్తావు."

బొప్పక్క కొళాయి కట్టేసింది.

"గుడ్డ ఎలాగూ పోతుంది," అన్నాడు ఆయన. "మాసిక మాత్రం చొక్కాతోపాటు తిరుగుతుంది. నలుగురి కళ్లకీ కనబడుతుంది, బాగా వేస్తే."

"బాగా వేస్తే కనబడదు కదండీ?"

"అది నా మాసిక. నీది కనబడితేనేం?"

ఆమె చేతిలో గిన్నె బోర్లించింది. తర్వాత చేతులు తుడుచుకుని ముందుగదిలోకి వచ్చింది. మరిది ఇంకా గుమ్మంలోనే ఉన్నాడు.

"ఇస్తాను," అంది. "కొంచెం కాదు, మొత్తం. ఒక్క ముక్క కూడా బుల్డోజరుకి మిగలకూడదు. చారలు పడ్డవాటికే కాదు, పదిహేడు గ్రీన్లకీ వెయ్యాలి. నా చేత్తో నేనే వేస్తాను. పోటీ రోజు గుంటలు ఎక్కడ కొయ్యాలో నేనే చెబుతాను, ఎవరూ నోరెత్తకూడదు."

"చారలు లేనివాటికి ఎందుకు వదినా?"

"నా ఇష్టం. మాసికకి చిరుగే కావాలని ఎక్కడుంది?"

అతను తల ఊపాడు. ఈసారి ఊపినందుకు ఆమె ఏమీ అనలేదు.

సెక్రటరీ గారికి మరిది చెప్పింది చారలు పోతాయన్న ఒక్క ముక్కే. ఆయనకి కావలసింది కూడా అంతే. వాల్వు తెరుచుకుంది. తాళం చెవులు తిరిగి వచ్చాయి. బొప్పక్క అవి తీసుకుని, తోపుడు మిషన్‌తోనే ఆరోదాన్ని చివరిసారి కోసింది. అటు నుంచి ఒకసారి, ఇటు నుంచి ఒకసారి. తర్వాత చదును పార తీసుకుని పచ్చికని పట్టీలు పట్టీలుగా, మట్టితో సహా, చాపలా చుట్టింది. మొదటి పట్టీ లేపినప్పుడు కింద నేల నల్లగా, పొడిపొడిగా, మంచి వాసన వేసింది. నాచు నేల అలా అవడానికి ఆమె జీవితంలో సగం పట్టింది. ఆమెకి ఏడుపొచ్చింది. పనివాళ్లు చూస్తున్నారని ఆపుకోలేదు. ఏడుస్తూనే రెండో పట్టీ కింద పార దోపింది.

చచ్చిన చారల్ని కోసి తీసి, ఆ సందుల్లో పట్టీలు అతికారు. చారలు లేని గ్రీన్ల మీద ఆమె ఇష్టమొచ్చిన చోట చదరంగా కోసి ముదురు ముక్కలు పెట్టించింది. అక్కడ లేపిన మంచి పచ్చికని షెడ్డు వెనక కుర్చీలు పక్కకి నెట్టి పరిపించింది. మళ్లీ మడి ఏర్పడింది, దాని గురించి ఎవరూ అడగలేదు. ప్రతి ముక్కా దించాక ఆమె పడుకుని, చెంప నేలకి ఆనించి, ఒక కన్ను మూసి చూసేది. ఎత్తు ఉంటే లేపి కింద మట్టి తీసేది. మరిది పక్కనే పలక పట్టుకుని నొక్కేవాడు. ఇద్దరి మధ్యా మాటలు తక్కువగానే ఉన్నాయి. ఒకసారి అతను, "ఇది కొంచెం బొప్పి కట్టినట్టుంది వదినా," అంటే, ఆమె చేత్తో తడిమి, "అవునురా," అంది. ఆ "రా" వినగానే అతను ఊపిరి పీల్చుకున్నాడు.

వానలు వచ్చాయి. బుల్డోజరు వచ్చిన రోజు దానికి చంపడానికి ఏమీ దొరకలేదు. మట్టి మాత్రం ఉంది, దాన్ని తోసేసి కంకర పరిచి వెళ్లిపోయింది. దర్జీ చెప్పినట్టే ఆరోజు క్లబ్బువాళ్లెవరూ రాలేదు. బొప్పక్క కూడా చూడ్డానికి వెళ్లలేదు. పదమూడో గ్రీన్ దగ్గర ఎరువు చల్లుకుంటూ ఉంది.

మాసికలు వేళ్లూనాయి. నీళ్లు తగిలేకొద్దీ ఇంకా ముదురయ్యాయి. లేత పచ్చ గ్రీన్ల మీద నిడుపాటి చారలు, చదరాలు, క్లబ్బు మేడమీద నుంచి చూసినా తెలిసేలా. పోటీకి ముందు రోజు సెక్రటరీ గారు మేడ దిగి షెడ్డుకి వచ్చాడు. పనివాళ్లంతా అక్కడే ఉన్నారు.

"ఇదేమిటయ్యా, చారలు పోతాయన్నావు. గోధుమరంగు పోయి ఇప్పుడు పచ్చవి వచ్చాయి. మైదానం అతుకుల బొంతలా ఉంది. గడ్డికి కొట్టే రంగు ఉంటుంది కదా, తెప్పించాను. సాయంత్రంలోగా అన్ని గ్రీన్లకీ కొట్టించు. అంతా ఒకే రంగులో ఉండాలి."

రంగు డబ్బాలు అప్పటికే బండిలోంచి దించుతున్నారు. బొప్పక్క నోరు తెరిచేలోపు మరిది ముందుకొచ్చాడు. అలవాటుగా అతని తల కదలబోయి ఆగడం అందరూ చూశారు.

"కొట్టనండి," అన్నాడు.

సెక్రటరీ గారు సరిగా వినలేదేమో అనుకున్నాడు. "ఏమిటి?"

"రంగు కొట్టనండి. మా వదిన ఊరుకోదు."

ఎవరో కిసుక్కున నవ్వారు. మరిది నవ్వలేదు. చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. "మా వదినే కాదండి. నేనూ ఊరుకోను. తప్పు నాది. పేపరు చూడకుండా మిషన్ తీసింది నేను. ఆ మాసికల పుణ్యమాని రేపు పోటీ జరుగుతోంది. వాటి మీద రంగు పడదండి. నన్ను తీసేసి వేరేవాణ్ని పెట్టుకోండి, వాడు కొడతాడేమో చూద్దాం."

సెక్రటరీ గారు పనివాళ్ల వైపు చూశాడు. ఎవరూ కదల్లేదు. బండి దగ్గర డబ్బా ఎత్తినవాడు దాన్ని మళ్లీ బండిలో పెట్టేశాడు. తెల్లారితే పోటీ. కొత్త మేస్త్రిని వెతకడానికి పొద్దులేదు. ఆయన టోపీ సర్దుకుని, సోమవారం మాట్లాడుకుందామని చెప్పి వెళ్లిపోయాడు.

బొప్పక్క మరిది దగ్గరికి వచ్చి, అతని చొక్కా పైగుండీ ఊడి ఉంటే పెట్టింది. "సోమవారం నేనూ వస్తానులే," అంది.

ఆదివారం తెల్లారుతుండగానే ఆమె గుండ్రటి కత్తి భుజాన వేసుకుని బయలుదేరింది. మరిది జెండాలు మోస్తూ వెనకాల నడిచాడు. ఒకటో గ్రీన్ దగ్గర ముదురు మాసిక మధ్యన ఆగి, కాలితో చూపించి, "ఇక్కడ," అంది. రెండోదాని మీదా అంతే. పదిహేడు గ్రీన్ల మీదా, సరిగ్గా ఆరోదాని ముక్క నడుమ గుంట కోసింది. ఒక్కో గుంటలోంచి వచ్చిన ముదురు ముద్దని పట్టుకెళ్లి, నిన్నటి గుంటలో, లేత పచ్చిక మధ్యన, దించింది. చేత్తో తడిమి చూసింది. ఒక్కటీ బొప్పి కట్టలేదు.

గోల్ఫ్ ఆడేవాడు ఎంత గొప్పవాడైనా గుంటలో బంతిని తీసుకోవడానికి వంగాల్సిందే. ఆ రోజు ప్రెసిడెంట్ గారు వంగారు. ఆయన అతిథులు వంగారు. కంకర మీద కార్లు ఆపి వచ్చిన పెద్దమనుషులంతా, ఆరోదాని కోసం ఎన్నడూ బెంగపెట్టుకోనివాళ్లంతా, వరసగా ఒక్కొక్కరే దాని ముందు నడుం వంచారు. బొప్పక్క ఆఖరి గ్రీన్ పక్కన ఇసుక బండికి ఆనుకుని నిలబడి, దాచుకోకుండా, తృప్తిగా చూసింది.

చివరి జట్టులో సెక్రటరీ గారు వచ్చాడు. బంతి నెమ్మదిగా దొర్లి గుంటలో పడింది. ఆయన మోకాలి మీద చెయ్యి ఆనించి కష్టంగా వంగాడు. వంగినవాడు బంతి తీయకుండా ఒక్క క్షణం ఆగాడు. గుంట చుట్టూ ఉన్న చదరాన్ని, దాని రంగుని, దగ్గరగా చూశాడు. తలెత్తితే ఎదురుగా బొప్పక్క.

"పదిహేడూ ఇలాగే ఉన్నాయి. కావాలనే కోశావా?"

"కావాలనే కోశాను సార్. రేపు ఇంకోచోట కోస్తాను. ఇందులోంచి తీసింది ఇంకో గుంటలోకి వెళ్తుంది. అలా వెళ్తూనే ఉంటుంది."

ఆయన బంతి జేబులో వేసుకుని కారు వైపు నడిచాడు. బొప్పక్క వెళ్లి జెండా తిరిగి గుంటలో పెట్టింది.